ఇసుక మీద పావుగంట

పేచ్చియమ్మాళ్‌వి పాము చెవులు. డెబ్భై దాటినా, వాకిట్లో అరుగు మీద కూర్చునే, లోపల కోడలు గంజికుండ మీద మూత సరిగ్గా పెట్టిందో వారగా పెట్టిందో చప్పుడునిబట్టి చెప్పేస్తుంది. ఆ ఉదయం కూడా, "మూత సరిగ్గా పెట్టవే, పిల్లి తిరుగుతోంది," అంది. జవాబు రాలేదు. మళ్ళీ అంది. మూడోసారి చేతికర్రతో గడపని గట్టిగా కొట్టింది. ఆ అదురు పాదాలకి తెలిసి సెల్లకిళి వెనక్కి తిరిగి చూసింది.

"పిలిస్తే పలకవేం? నలభై నిండకుండానే చెవుడొచ్చిందా? ముప్ఫై అయిదేళ్ళు నీళ్ళలో మునిగినదాన్ని నేను. ఇవాళ్టికీ చీమ తుమ్మితే వినపడుద్ది నాకు. మీవన్నీ వేషాలు."

సెల్లకిళి మూత సరిచేసింది. అత్త మాటల్లో సగం వినపడ్డాయి. మిగతా సగం వినక్కర్లేదు. ఈ ఇంట్లో కొత్త మాటలు పుట్టడం తక్కువ. ఎదుటివాళ్ళ పెదవులు విడివడే తీరు చూస్తే చాలు, ఏ మాట వస్తోందో తెలిసిపోతుంది.

ఎడమ చెవి పోయి ఏడేళ్ళయింది. చీముపట్టి నెలల తరబడి కారి, ఒక రోజు లోపల ఏదో పుటుక్కున తెగినట్టయి, నొప్పి పోయింది. హమ్మయ్య అనుకుంది. నొప్పితో పాటు ఆ వైపు లోకం కూడా పోయిందని తెలియడానికి వారం పట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏం చేస్తారు? పడవలో ఎడమ అంచున కూర్చోవడం నేర్చుకుంది, అప్పుడు అందరూ కుడివైపే ఉంటారు. అన్నం వడ్డించేటప్పుడు మొగుడికి కుడిచెవి తగిలేటట్టు తిరగడం నేర్చుకుంది. కూతురు ఎడమవైపు నించి వచ్చి "అమ్మా" అని నాలుగుసార్లు పిలిచి విసుక్కుని వెళ్ళిపోతే, తర్వాత ఆ పిల్ల ముఖం చూసి, ఏదో అడిగి ఉంటుందని ఊహించి, ఊహించినదానికి జవాబు చెప్పడం నేర్చుకుంది. ఎవరూ గమనించలేదని కాదు. గమనించి వేరే పేరు పెట్టారు. మొగుడు మునియసామి దానికి పొగరు అని పేరు పెట్టాడు. అత్త వేషాలు అంది.

ఇప్పుడు కుడి చెవి. మొదట దురద వచ్చింది. తలలో పిన్ను తీసి గోక్కుంటే హాయిగా ఉండేది. నాలుగు రోజులుగా ఆ హాయి పోయింది. చెవి తమ్మె కదిపితే ప్రాణం పోతోంది. ముద్ద నమలాలన్నా దవడ బిగుసుకుపోతోంది. నీళ్ళు లోపల ఎక్కడో నిలిచిపోయి, తల వంచితే గుడగుడమంటున్నాయి. అయినా పౌర్ణమి రోజులు. వెళ్ళక తప్పదు.

ఆ పల్లెలో ఆడవాళ్ళు సముద్రం అడుగున పెరిగే పాచి ఏరుతారు. పౌర్ణమికి ఆరు రోజులు, అమావాస్యకి ఆరు రోజులు, నీరు బాగా తీసినప్పుడే పని. మునిగి, బండలకి కరుచుకున్న పాచిని వేళ్ళతో పీకి, నడుముకి కట్టిన వలసంచిలో నింపుకోవాలి. వేళ్ళు తెగకుండా పాతచీర పీలికలు చుట్టుకుంటారు. పడవ మునియసామిది. ఎనిమిది మంది ఆడవాళ్ళు అందులో వెళతారు. సెల్లకిళి నాలుగింటికి లేచి, కొళాయి దగ్గర నీళ్ళు పట్టి, గంజి కాచి, ఎండుచేపల పులుసు పెట్టి, అత్తకి కాళ్ళకి తైలం రాసి, కూతురి జడ వేసి, అప్పుడు పడవ ఎక్కుతుంది. వీటిల్లో ఏదీ పని కాదు. పాచి ఏరడం ఒక్కటే పని, అదీ సగం పనే. "పొద్దున్నే నీళ్ళలో ఆడుకుని వస్తారు వీళ్ళు," అంటాడు మునియసామి, టీ బంకు దగ్గర నలుగురూ నవ్వేటట్టు.

పడవ ఒడ్డు వదలగానే ఆమె కొంగుముడి విప్పి రెండు చిన్న ఉండలు తీసింది. దూదిని గుగ్గిలంలోనూ నూనెలోనూ నానబెట్టి చేసిన ఉండలు. పడవ పలకల సందుల్లోంచి నీళ్ళు రాకుండా మగవాళ్ళు కూరేది అదే. పెళ్ళయిన కొత్తలో ఆమె చెవిపోటుతో ఏడుస్తుంటే మునియసామి పడవ బాగుచేస్తూ చేస్తూ లేచి వచ్చాడు. ఆ ముద్దలోంచే చిటికెడు తీసి, అరచేతిలో ఉండ చేసి, తన చేత్తోనే ఆమె చెవిలో పెట్టాడు. "నా పడవలోకి రాని నీళ్ళు నీ చెవిలోకెట్లా వస్తాయో చూద్దాం," అన్నాడు. అతని వేళ్ళకి గుగ్గిలం వాసన. ఆ మనిషి తన కోసం చేసిన పనుల్లో ఆమెకి బాగా గుర్తున్నది అదే. ఆమెని చూసి మిగతా ఆడవాళ్ళూ నేర్చుకున్నారు. ఇప్పుడు పల్లెలో పాచికి వెళ్ళే ప్రతి ఆడదాని చెవిలోనూ పడవ మందే.

ఆ రోజు పాచి బాగా ఉంది. మోచేతి లోతు మెత్తటి పాచి మధ్య ఆమె పీకుతూనే ఉంది. నీటి కింద ఎప్పుడూ చప్పుళ్ళుంటాయి. బండల మీద రొయ్యల చిటపటలు, పక్కవాళ్ళ వేళ్ళు రాతిని గీకే శబ్దం, అన్నిటికీ మించి పడవ మోటారు. అది ఎంత దూరంలో తిరిగినా కడుపులో తిరిగినట్టుంటుంది. ఆ రోజు ఏమీ లేదు. దుప్పటి కప్పినట్టు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఆమెకి నచ్చింది కూడా. ఊపిరి అయిపోయి పైకి లేస్తుంటే జుట్టు పట్టుకుని ఎవరో పక్కకి లాగారు. నీళ్ళు తెల్లగా చిలికినట్టు నురగ. పడవ పంఖా ఆమె భుజానికి జానెడు దూరంలో తిరుగుతోంది.

లాగింది ఇరుళాయి. పక్కింటి ఇరుళాయి, ఆమెకంటే నాలుగేళ్ళు చిన్నది, గొంతు పెద్దది. "అన్నా, మనిషి నీళ్ళలో ఉండగా మోటారెందుకు తిప్పావు?" అంటోంది ఆయాసపడుతూ.

"తిప్పితేనేగా మీరు లేచేది. ఒంటిగంటకి పాచి కొనే లారీ పోద్ది. మోటారు చప్పుడు వినగానే పైకి రమ్మని ఎన్నిసార్లు చెప్పాను?" అన్నాడు మునియసామి. అతని ముఖం పాలిపోయి ఉంది. అది కనిపించకుండా పెళ్ళాం వైపు తిరిగి అరిచాడు. "చెవులు ఇంట్లో పెట్టొచ్చావా? చావడానికి నా పడవే దొరికిందా నీకు?"

ఆ మాటలు సెల్లకిళికి వినపడలేదు. పెదవులు చూసి తెలుసుకుంది. పడవలోకి ఎక్కి, కుడిచెవిలో ఉండ లాగితే దానితోపాటు పసుపుపచ్చగా, కాస్త ఎర్రగా ఏదో వచ్చింది. ఎడమ చెవి పోయినప్పుడు ఇంటివాళ్ళ మాటలే పోయాయి అనుకుంది. ఈ చెవి కూడా పోతే నీటి కింద ఆమెని బతికించే చప్పుడు పోతుంది. ఇప్పటిదాకా ఇది ఆలోచించలేదేం అని మిగతా దారంతా ఆశ్చర్యపోతూ కూర్చుంది.

మర్నాడు శుక్రవారం. "తలంటు పోసుకోకుండా ఇంట్లో తిరక్కు," అని అత్త గరిటెలో నువ్వులనూనె కాచి, వెల్లుల్లి చిదిమి వేసి, చల్లారీ చల్లారకుండానే పట్టుకొచ్చింది. అది ఆవిడకి తెలిసిన ప్రేమ. సెల్లకిళి తల వంచింది, ఎందుకంటే వద్దని చెప్పడానికి మాటలు కావాలి, మాటలకి ఓపిక కావాలి. నూనె చెవిలోకి దిగగానే కళ్ళ ముందు తెల్లటి వెలుగు మెరిసి, గోడ పట్టుకుని కూలబడింది. చెవి కింద మెడదాకా వాచింది. ఇక ఇరుళాయి ఎవర్నీ అడగలేదు. చెప్పులేసుకుని వచ్చి, ఆమె చెయ్యిపట్టుకుని బస్సెక్కించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. తంజావూరు వైపు యాస. లైటు పెట్టి కుడిచెవిలోకి చాలాసేపు చూసింది, సన్నటి చిమటాతో దూదిపీచు మూడు ముక్కలు లాగింది, నల్లబడిన గుగ్గిలం పెచ్చు ఒకటి లాగింది. పళ్ళెంలో వాటిని చూపించి, "ఏంటక్కా ఇవి?" అంది.

ఇరుళాయి చెప్పింది. డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

"పడవకి ఇది మంచిదే. పడవ లోపలికి నీళ్ళొస్తే ఏం చేస్తారు?"

"తోడేస్తాం," అంది ఇరుళాయి.

"చెవిలోకి వచ్చినవి తోడారా? మీరు బిరడా బిగించారు. నీళ్ళు సందు చూసుకుని లోపలికి పోనే పోయాయి, బయటికి రాలేదు. చీకటి, వేడి, తడి. తడిచీర మూట కట్టి మూల పడేస్తే రెండు రోజులకి ఏమవుతుంది? అదే ఇది." కుడివైపు కుర్చీ జరుపుకుని, ముఖం ఎదురుగా పెట్టి నెమ్మదిగా మాట్లాడింది. ఆ ఒక్క పనికే సెల్లకిళికి ఏడుపొచ్చినంత పనయింది. "పిన్నుతో గోకారు కదా. చెవి లోపల గులిమి ఉంటుంది చూడండి, అది మురికి కాదు. మీరు పడవ చెక్కకి నూనె పూస్తారే, అలాంటి పూత. దాన్ని గీకేస్తే కింద చర్మం చీరుకుంటుంది, చీరుకున్న చోట చీము పడుతుంది. ఇంక పిన్నులొద్దు, పుల్లలొద్దు, కాచిన నూనె వద్దు."

ఎడమ చెవిలోకి కూడా చూసింది. చూశాక కాసేపు లైటు ఆర్పలేదు. "ఇందులో పొర చిరిగింది. చాలాకాలం అయింది. దీంట్లో చుక్క మందు కూడా ఎవరు చెప్పినా వేసుకోకండి, సరాసరి లోపలికి పోతుంది. మదురైలో ఆపరేషన్ చేస్తారు, చిరుగు మూస్తారు. వినికిడి వస్తుందని మాత్రం నేను చెప్పలేను." తర్వాత, తల వంచి చీటీ రాస్తూ, "నిజం చెప్పాలంటే మీరు అసలు సముద్రంలోకి దిగకూడదు," అంది.

"ఇంకో మాట చెప్పండి డాక్టరమ్మా," అంది సెల్లకిళి.

డాక్టరమ్మ ఆమె వేళ్ళ వైపు, ఆ కోతల వైపు చూసింది. "రోజుకి మూడుసార్లు చుక్కలు, కుడివైపే. పదిహేను రోజులు చుక్క నీరు తగలకూడదు. తలమీద నీళ్ళు పోసుకోవద్దు, మునగొద్దు. నేను మళ్ళీ చూసి సరే అన్నాకే ఏదైనా. ఆ తర్వాత, నీళ్ళలోంచి వచ్చిన ప్రతిసారీ చెవి కిందికి పెట్టి పడుకోవాలి. చెవి తమ్మెని అటూ ఇటూ లాగితే దారి తిన్నగా అయి నీళ్ళు కారతాయి. బయట మాత్రం పొడిగుడ్డతో అద్దాలి. వెచ్చగా ఉంటే త్వరగా ఆరుతుంది. ఒక్కో వైపూ పావుగంటైనా. అంత టైముంటుందా మీకు?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నీళ్ళలోంచి పడవలోకి, పడవలోంచి కాటాకి, కాటా నుంచి వంటింట్లోకి. మధ్యలో పావుగంట ఎక్కడుందో ఇద్దరికీ గుర్తు రాలేదు.

పదిహేను రోజులంటే అమావాస్య పని పూర్తిగా పోయినట్టు. మునియసామి చీటీ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "చెవిపోటుకి పదిహేను రోజుల సెలవా? గవర్నమెంటు ఉద్యోగం అనుకుంది కామోసు ఆ డాక్టరు." పడవలో ఒక మనిషి తగ్గితే తక్కువ పడే సంచి గురించి మూడు రోజులు గొణిగాడు. అత్తకి శుక్రవారం తలంటు ఎగ్గొట్టిన కోడలు ఇంటికి అరిష్టమనిపించింది. "చెవిలోకి నీళ్ళు పోకూడదన్నారు గానీ చేతికి తగలకూడదన్లేదుగా," అని, ఏడాదిగా మడతపెట్టి ఉన్న బొంతలన్నీ బయటికి తీసింది. సెల్లకిళి మెడకి తువ్వాలు చుట్టుకుని బొంతలు ఉతికింది. ఉతుకుతూ మొదటిసారి పగలు ఇంట్లో ఉండి పల్లెని చూసింది.

మగవాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారని ఆమెకి అప్పుడే తెలిసింది. డీజిల్ కోసం ఎదురుచూస్తారు. పోటు కోసం, గాలి తగ్గడం కోసం, లారీ కోసం, లారీ డ్రైవరు టీ తాగడం కోసం. వేపచెట్టు నీడలో చీట్లాడుతూ ఎదురుచూస్తారు, వలల మీద తలపెట్టి కునుకు తీస్తూ ఎదురుచూస్తారు. ఎవరైనా అడిగితే పనిలో ఉన్నామంటారు. అందులో అబద్ధమేమీ లేదు, సముద్రం మీద బతికేవాడికి ఎదురుచూడ్డం కూడా పనే. ఆడది పగలు నడుం వాలిస్తే మాత్రం దానికి ఎదురుచూడ్డం అనే పేరు లేదు. పడుకుంది అంటారు. చుక్కలు వేసుకుని పావుగంట చెవి పైకి పెట్టుకుని పడుకోవాలని చీటీలో ఉంది. ఆ పావుగంటలో మూడుసార్లు ఎవరో ఒకరు తలుపు దగ్గరికి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళేవాళ్ళు. ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో ఆమెకి చెవులు లేకపోయినా వినిపించేది.

పదో రోజుకి నొప్పి తగ్గింది. పన్నెండో రోజుకి గంజి ఉడికే చప్పుడు వినపడింది. ఆ మధ్యాహ్నం అరుగు మీద అత్తాకోడళ్ళు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. లోపల గూట్లోంచి బల్లి పలికితే పేచ్చియమ్మాళ్, "మంచిది," అంది. సెల్లకిళికి బల్లి వినపడలేదు గానీ, ఇన్నేళ్ళుగా అడగాలనుకోనిది అడగాలనిపించింది.

"అత్తా, నువ్వూ ముప్ఫై అయిదేళ్ళు మునిగావుగా. నీ చెవులు ఎట్లా నిలిచాయి?"

"మావి గట్టి ఒళ్ళు. రాగిసంకటి తిన్న ఒళ్ళు."

"నేనూ అదే తిన్నాను."

"మేం చెవిలో ఏమీ పెట్టుకునేవాళ్ళం కాదు. నూనె కూడా ఎప్పుడో పిల్లలకి తప్ప మేం పోసుకుంది లేదు." చింతగింజ ఒకటి కింద పడితే వెతికింది. "నీళ్ళు పోయేవి, వచ్చేవి."

"ఎట్లా వచ్చేవి?"

పేచ్చియమ్మాళ్‌కి ఇదేం ప్రశ్నో అర్థం కాలేదు. "ఎట్లా ఏమిటే. తెరచాప పడవలు మావి. పొద్దున నేలగాలికి వెళ్ళేవాళ్ళం. తిరిగి రావాలంటే సముద్రపు గాలి లేవాలి. అది మధ్యాహ్నం రెండు దాటితే గానీ లేవదు. పాచి ఏరడం పదకొండింటికే అయిపోయేది. అంతసేపూ ఏం చేస్తాం? నీరు తీసిన చోట ఇసుకతిప్ప తేలేది, దాని మీద పడుకునేవాళ్ళం. పైట పరుచుకుని ఈ చెవి కాసేపు, ఆ చెవి కాసేపు. ఇసుక వెచ్చగా ఉండేది. చెవిలోంచి నీళ్ళు కారుతుంటే ఎంత హాయిగా..." ఆవిడ ఆగిపోయింది. చేతిలో చింతపండు అలాగే ఉంది.

"మావయ్య తిట్టేవాడు కాదా, పడుకున్నారని?"

"తిట్టేవాడు. గాలిని తిట్టేవాడు," అంది పేచ్చియమ్మాళ్. "అందరు మగాళ్ళూ గాలినే తిట్టేవాళ్ళు. మమ్మల్ని ఏమంటారు? గాలి లేందే మేం మాత్రం ఎట్లా వస్తాం?"

ఇద్దరూ మళ్ళీ చింతపండు గింజలు తీయసాగారు. తర్వాత ఆవిడ తనలో తాను అన్నట్టు, "మీ మావయ్య పోయిన ఏడే వీడు మోటారు కొన్నాడు. నేను అప్పుడే పని మానేశాను," అంది.

సెల్లకిళి లెక్కవేసుకుంది. పెళ్ళయి ఆమె ఈ ఇంటికి వచ్చిన ఏడాది అదే. అత్త ఒళ్ళు గట్టిదని, తనది సుకుమారమని ఇన్నేళ్ళూ నమ్మింది. ఆడవాళ్ళకి విశ్రాంతి ఎవరూ ఇవ్వలేదు, ఎప్పుడూ ఇవ్వలేదు. గాలి ఇచ్చింది, అదీ వాళ్ళ కోసం కాదు. మోటారు వచ్చాక పడవకి గాలితో పని లేకుండా పోయింది, ఆ మూడు గంటలు ఎటు పోయాయో ఎవరూ అడగలేదు. లారీకి పోయాయి. వంటింటికి పోయాయి. టీ బంకుకి పోయాయి. మోటారు పాడైతే మునియసామి పగలంతా దాని పక్కన కూర్చుంటాడు. చల్లారనిస్తాడు, ఆరనిస్తాడు, తడిగా ఉండగా తిప్పితే కాలిపోతుందని అందరికీ చెబుతాడు. ఆ జ్ఞానం అతనికి ఉంది. ఎవరికి వాడాలో తెలియదంతే.

పదహారో రోజున డాక్టరమ్మ మళ్ళీ చూసి, కుడిచెవి శుభ్రంగా ఉందంది. ఇసుక సంగతి చెబితే కళ్ళు పెద్దవి చేసి విని, "కాలకుండా చూసుకోండి, వెచ్చగా ఉంటే చాలు. మధ్యలో పొడిగుడ్డ ఉండాలి, ఇసుక లోపలికి పోకూడదు," అంది. ఎడమ చెవి గురించి మళ్ళీ అదే మాట చెప్పింది. సెల్లకిళి తల ఊపింది.

ఆ సాయంత్రం కొళాయి దగ్గర పడవలో వచ్చే మిగతా ఏడుగురు ఆడవాళ్ళకీ చెప్పింది. ఆమె అంత పొడుగ్గా మాట్లాడటం వాళ్ళెప్పుడూ వినలేదు. ఒకామె, "అరగంట పడుకుంటే మా ఆయన ఇంట్లోకి రానిస్తాడా," అంది. ఇంకొకామె, "అరగంట పడుకుంటే నేనే లేవను, మూడేళ్ళ నిద్ర బాకీ ఉంది," అంది. అందరూ నవ్వారు. ఇరుళాయి నవ్వలేదు. "సంచులు ఎక్కడుంటాయి?" అని అడిగింది. సంచులు ఎక్కనిదే పడవ కదలదని అప్పుడు అందరికీ అర్థమయింది.

పౌర్ణమి రెండో రోజు. పదకొండు దాటేసరికి సంచులన్నీ నిండాయి. మిగతా రోజుల్లో అయితే వాటిని పడవలోకి అందిస్తారు. ఆ రోజు ఎనిమిది మందీ సంచులు ఈడ్చుకుంటూ ఇసుకతిప్ప ఎక్కారు. పడవలోంచి తెచ్చిన పొడిచీరలు పరిచారు. సంచులు తలల దగ్గర వరసగా పెట్టుకున్నారు. సెల్లకిళి కుడిచెవి కిందికి పెట్టి పడుకుంది. బట్టలోంచి ఇసుక వెచ్చదనం చెంపకి తగిలింది. తమ్మెని వెనక్కి, పైకి లాగింది. ముందు ఏమీ కాలేదు. తర్వాత లోపల ఎక్కడో ఒక చిన్న తలుపు తీసినట్టయి, గోరువెచ్చటి నీళ్ళు సన్నగా బట్టలోకి కారాయి. పక్కన ఇరుళాయి పెదవులు "అబ్బా" అన్నట్టు విడివడ్డాయి.

మునియసామి మోటారు తిప్పాడు. ఇసుకలోంచి ఆ అదురు ఆమె దవడకి తెలిసింది. ఆగింది. మళ్ళీ తిప్పాడు. ఎవరూ లేవలేదు. ఇంకాసేపటికి మోకాలి లోతు నీళ్ళలో నడిచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. అతని నీడ ముఖం మీద పడితే కళ్ళు తెరిచింది.

"ఏంటిది? సంచులెక్కించండి. లారీ పోద్ది."

"పావుగంటలో పోదు."

"ఎనిమిది మంది ఒకేసారి పడుకుంటారా? నలుగురు చూస్తే నవ్వుతారు."

"చెవులు ఆరుతున్నాయి మావా," అంది సెల్లకిళి. "తడిగా ఉండగా తిప్పితే కాలిపోద్దని నువ్వే అంటావుగా."

అతను సంచుల వైపు చూశాడు. ఒక సంచి లాగబోయి, దాని మీద ఇరుళాయి చెయ్యి ఉండటం చూసి వదిలేశాడు. కాసేపు అటూ ఇటూ తిరిగాడు. ఆకాశం వంక చూశాడు, తిట్టడానికి గాలి కోసం వెతుకుతున్నట్టు. చివరికి తిప్ప అంచున చతికిలబడి బీడీ ముట్టించాడు. ఎదురుచూడ్డం అతనికి తెలిసిన పనే.

బీడీ అయిపోయింది. "అయ్యిందా?" అన్నాడు. ఆ మాట ఆమెకి కుడిచెవి ఎత్తగానే స్పష్టంగా వినపడింది, అలల చప్పుడుతో సహా. చాలా రోజుల తర్వాత అలల చప్పుడు. చీర మడత మార్చి, పొడిగా ఉన్న చోటు వెతికి, అటు తిరిగి ఎడమచెవి ఇసుక మీద పెట్టింది.

"అదెందుకే?" అన్నాడు మునియసామి. గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థం కాలేదతనికి. "అది ఎప్పుడో పోయిందిగా. దానికెందుకు పావుగంట?"

సెల్లకిళి కళ్ళు మూసుకుంది.

"అదీ నాదే," అంది.